‘లిటరల్లీ’ అంటే నిజంగా ఏమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

మా అక్క కూతురు ఫోన్ చేసి, "పిన్నీ, ఎండకి లిటరల్లీ చచ్చిపోయాను" అంది. చచ్చిపోయినవాళ్లు ఫోన్ చెయ్యరు కాబట్టి నేను కంగారుపడలేదు. పక్కనే కూర్చున్న మా ఆయన మాత్రం కంగారుపడ్డారు. ఆయన రిటైరైన ఇంగ్లిష్ మాస్టారు. కంగారు పిల్ల గురించి కాదు, ఆ క్రియావిశేషణం గురించి. ఆ పూట మా ఇంట్లో మొదలైన వాదనకి, అనువాదం నేర్చుకోవడానికి నా దగ్గరికొచ్చే పిల్లలు అడిగే సందేహాలు తోడయ్యాయి. వాటికి నాకు తోచిన, తెలిసిన జవాబులివి.

‘లిటరల్లీ’కి అసలు అర్థం ఏమిటి?

ఉన్నది ఉన్నట్టు, మాటకు మాట. "హి టుక్ మై జోక్ లిటరల్లీ" అంటే నేను వేళాకోళానికి అన్నది అతను నిజమనుకున్నాడని. "డోంట్ ట్రాన్స్‌లేట్ ఇట్ లిటరల్లీ" అంటే మక్కికి మక్కి దించెయ్యకు అని. "దేర్ వజ్ లిటరల్లీ నో ప్లేస్ టు సిట్" అంటే మాటవరసకి అనడం లేదు, కుర్చీ అన్నది ఒక్కటీ ఖాళీ లేదు అని.

మన అలంకారశాస్త్రం తెలిసినవాళ్లకి ఇంకా తేలిగ్గా చెప్పొచ్చు. మాటకి ముందుగా తోచే అర్థం వాచ్యార్థం. అది పొసగనప్పుడు పక్కకి జరిగి తెచ్చుకునేది లక్ష్యార్థం. దీనికి శాస్త్రంలో పాత ఉదాహరణ ‘గంగాయాం ఘోషః’, అంటే గంగలో గొల్లపల్లె. నీళ్లలో పల్లె ఉండదు కాబట్టి గంగ ఒడ్డున అని అర్థం చేసుకుంటాం. ‘లిటరల్లీ’ అన్న మాట పుట్టిన పని ఇదే: "ఆగు, లక్ష్యార్థం దాకా పోకు, వాచ్యార్థం దగ్గరే ఉండు" అని వినేవాడిని చెయ్యి పట్టుకుని ఆపడం. ఆ చెయ్యే ఇప్పుడు వినేవాడిని లక్ష్యార్థం వైపు నెడుతోందన్నది మా ఆయన ఫిర్యాదు.

ఈ మాట ఎక్కడ పుట్టింది?

లాటిన్‌లో ‘లిట్టెరా’ అంటే అక్షరం. దాని నుంచి ‘లిట్టెరాలిస్’, అంటే అక్షరానికి సంబంధించినది. అది పాత ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో ‘లిటరల్’గా ఇంగ్లిష్‌కి వచ్చింది. ‘లిటరల్లీ’ 15వ శతాబ్దపు రాతల్లో కనిపిస్తుంది.

ఇది బజార్లో పుట్టిన మాట కాదు, మఠాల్లో పెరిగిన మాట. మధ్యయుగపు క్రైస్తవ పండితులు బైబిల్ వాక్యానికి నాలుగు అర్థాలు చెప్పేవారు. అక్షరార్థం ఒకటి, ప్రతీకార్థం ఒకటి, నీతి ఒకటి, పరలోకానికి సంబంధించిన గూఢార్థం ఒకటి. జెరూసలేం అంటే అక్షరార్థంలో ఒక ఊరు, గూఢార్థంలో స్వర్గం. ఈ నాలుగింట్లో మొదటిదాన్ని తక్కినవాటి నుంచి విడదీసి చెప్పడానికే ‘లిటరల్’ పనికొచ్చింది. ఎండకి చచ్చిపోయిన పిల్ల నోట్లోకి రావడానికి ముందు అదెంత పెద్ద సభల్లో కూర్చుందో చూడండి.

లెటర్, లిటరేచర్, లిటరసీ అన్నీ దీని అక్కచెల్లెళ్లే. తుడిచిపెట్టడం అనే అర్థమున్న ‘ఆబ్లిటరేట్’ కూడా ఆ వంశమే. అక్షరాన్ని చెరిపెయ్యడం అన్నది అందులోని మొదటి భావం.

చివర్న ఉన్న ‘లీ’ ఏమిటి? మనం ‘లిటరల్‌గా’ అనడం తప్పా?

ఆ ‘లీ’ లాటిన్ది కాదు, అచ్చమైన ఇంగ్లిష్‌ది. పాత ఇంగ్లిష్‌లో ‘లిచ్’ అంటే ఒళ్లు, ఆకారం. ఆ మాటే అరిగి అరిగి విశేషణాన్ని క్రియావిశేషణం చేసే తోక అయింది. మన ‘గా’ కథా ఇంచుమించు ఇంతే. ‘అగు’ అనే క్రియ నుంచి వచ్చి, సొంత బతుకు పోగొట్టుకుని, అందంగా, మెల్లగా, గట్టిగా అన్నచోటల్లా తోకై కూర్చుంది.

అందుకే ‘లిటరల్‌గా’, ‘యాక్చువల్‌గా’, ‘టెక్నికల్‌గా’ నా చెవికి తప్పుగా వినపడవు. ఇంగ్లిష్ తోక తీసేసి తెలుగు తోక తగిలించాం. వ్యాకరణం తెలిసిన నాలుకే ఆ పని చెయ్యగలదు. ‘లిటరల్లీగా’ అంటే మాత్రం రెండు తోకలు. అదీ వింటున్నాం. నవ్వొస్తుంది తప్ప కోపం రాదు.

‘అక్షరాలా’ దీనికి సరైన తెలుగేనా?

పుట్టుకలో సరిగ్గా జోడు. అక్కడ లిట్టెరా, ఇక్కడ అక్షరం. జర్మన్‌లో ‘బుఖ్‌ష్టేబ్లిష్’, రష్యన్‌లో ‘బుక్వాల్న’ కూడా ఆయా భాషల్లో అక్షరం అనే మాట నుంచి వచ్చినవే. "మాట నిజం" అని నమ్మించాల్సి వచ్చినప్పుడు ఇన్ని భాషలు రాతనే సాక్ష్యానికి పిలిచాయన్నమాట.

మనవాళ్లకి ఇందులో ఒక అదనపు సౌకర్యం ఉంది. ప్రామిసరీ నోటు చూడండి. అంకెల్లో 50,000 అని వేసి, పక్కనే "అక్షరాలా యాభై వేల రూపాయలు" అని రాస్తారు. అంకెలో ఒక సున్నా చేర్చడం తేలిక, అక్షరాల్లో కష్టం. ఇక్కడ ‘అక్షరాలా’ అంటే ఏ అలంకారమూ లేదు, అక్షరాల్లో అనే. ఇదే మాట పెళ్లిలో చదివింపుల దగ్గర గొంతెత్తి "అక్షరాలా వెయ్యి నూట పదహార్లు!" అన్నప్పుడు అక్కడ రాత పని లేదు. అది ‘తక్కువేం కాదు సుమా, సరిగ్గా అంత’ అని నొక్కి చెప్పడం. కాగితం మీది మాట గొంతులోకి దిగేసరికి ఒత్తు పలకడం మొదలుపెట్టింది. ‘లిటరల్లీ’ నడిచిన దారిలో మొదటి మజిలీ సరిగ్గా ఇదే.

అయితే ‘అక్షరాలా’ అక్కడే ఆగిపోయింది. "ఆయన చెప్పింది అక్షరాలా జరిగింది" బాగుంది. "ఆ ఉద్యోగంలో అక్షరాలా నరకం చూశాను" కూడా చెల్లుతుంది. "నవ్వలేక అక్షరాలా చచ్చిపోయాం" అంటే మాత్రం ఏదో అనువాదం వాసన వేస్తుంది. అక్కడ మనం ‘నిజంగా’ అంటాం.

జరగనిదానికి ‘లిటరల్లీ’ అనడం ఫోన్ల తరం తెచ్చిన రోగమా?

కాదు. ఆ రోగానికి రెండున్నర శతాబ్దాల వయసుంది, అది పట్టినవాళ్ల జాబితా చూస్తే మనకీ పట్టాలనిపిస్తుంది.

17వ శతాబ్దం చివరికే నిజమైన విషయాన్నే ఇంకాస్త ఒత్తి చెప్పడానికి ఈ మాటని వాడుతున్నారు. 1769లో ఫ్రాన్సెస్ బ్రూక్ అనే రచయిత్రి, క్యూబెక్ నేపథ్యంగా రాసిన నవలలో, అందమైన ఆడవాళ్ల మధ్యకి వచ్చిపడిన ఒక మగవాడి అదృష్టాన్ని చెబుతూ, ఇది ‘లిటరల్లీ’ లిల్లీపూల మధ్య మేయడమే అని రాసింది. లిల్లీపూల మధ్య మేయడం బైబిల్లో ఉన్న పోలిక. అక్కడ పూలూ లేవు, మేతా లేదు. జరగనిదానికి ‘లిటరల్లీ’ తగిలించిన తొలి ఉదాహరణల్లో ఎక్కువగా చూపించేది దీన్నే.

చార్లెస్ డికెన్స్ 1839లో ముగిసిన ‘నికొలస్ నికల్‌బీ’లో క్రూరుడైన స్కూలు యజమాని, పారిపోయి దొరికిన కుర్రాణ్ణి చూస్తూ ‘లిటరల్లీ’ కళ్లకి విందు చేసుకుంటాడు. 1876లో మార్క్ ట్వేన్ టామ్ సాయర్‌ని ‘లిటరల్లీ’ సంపదలో దొర్లించాడు. జేమ్స్ జాయిస్ 1914లో అచ్చయిన ‘డబ్లినర్స్’ చివరి కథని మొదలుపెట్టడమే లిల్లీ అనే పనిపిల్ల ‘లిటరల్లీ’ కాళ్లు ఊడిపోయేలా తిరుగుతోందన్న వాక్యంతో.

జాయిస్ వాక్యం దగ్గర కాస్త ఆగాలనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో ఒక్కో అక్షరాన్నీ తూచి రాసినవాడు ఏమరుపాటున రాశాడనుకోలేం. కథ చెబుతున్న గొంతు రచయితది, కానీ ‘లిటరల్లీ’ ఆ పిల్ల మాట. ఆవిడే నోరు విప్పి చెబితే అలాగే చెప్పేది. ఒక్క క్రియావిశేషణంతో రచయిత పక్కకి తప్పుకుని పనిపిల్లని లోపలికి రానిచ్చాడు. దాన్ని ‘దిద్దితే’ కథ తలుపు మూసుకుపోతుంది.

మరి పండితులు ఊరుకున్నారా?

ఊరుకోలేదు, కానీ ఆలస్యంగా లేచారు. బ్రూక్ వాక్యం తర్వాత నూరేళ్లకు పైగా పెద్ద గొడవేమీ లేదు. 1909లో అమెరికన్ రచయిత ఆంబ్రోస్ బియర్స్, అతిశయోక్తి చెప్పడమే తప్పు, అది నిజమని ప్రమాణం చెయ్యడం భరించలేం అన్నట్టుగా విరుచుకుపడ్డాడు. 1926లో ఇంగ్లండ్‌లో, ఇంగ్లిష్ వాడుక తప్పొప్పుల మీద పుస్తకం రాసిన హెచ్. డబ్ల్యూ. ఫౌలర్ దీన్ని చెల్లని నాణెంతో పోల్చాడు. ఇలాంటి నాణేలు తిరిగితే మాటల బేరం నిజాయితీగా సాగదన్నాడు. నాకు ఫౌలర్‌తో పేచీ ఉన్నా ఆ పోలిక మాత్రం ఇష్టం.

కోపం ఇప్పటికీ చల్లారలేదు. 2018లో న్యూయార్క్‌లో ఒక బారువాళ్లు, లోపల ఈ మాట అన్నవాళ్లు ఐదు నిమిషాల్లో గ్లాసు ఖాళీ చేసి వెళ్లిపోవాలని బోర్డు పెట్టారు. ప్రచారం బాగానే వచ్చింది.

నిఘంటువులు లొంగిపోయాయని విన్నాం. నిజమేనా?

2013 ఆగస్టులో ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ‘లిటరల్లీ’కి కొత్త అర్థం చేర్చిందనీ, ఇంగ్లిష్ చచ్చిపోయిందనీ (లిటరల్లీ!) రాశారు. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఆ సవరణ చేసింది 2011లో. రెండేళ్లపాటు ఎవరూ గమనించలేదు. అమెరికన్ నిఘంటువు మెరియమ్ వెబ్‌స్టర్ 1909లోనే ఈ వాడుకని నమోదు చేసింది. అంటే బియర్స్ తిట్టిన ఏడాదే.

నిఘంటువు పోలీసు కాదు, పంచాయతీ గుమస్తా. ఊళ్లో ఎవరు పుట్టారో రాసుకుంటాడు, ఎవరు పుట్టి ఉండకూడదో చెప్పడు.

అయితే దీనికిప్పుడు ఎదురెదురు అర్థాలు రెండున్నట్టేగా?

చాలామంది అలాగే అంటారు. నేను ఒప్పుకోను. మా అక్క కూతురు "లిటరల్లీ చచ్చిపోయాను" అన్నప్పుడు "పోలికగా చెబుతున్నాను" అని దాని ఉద్దేశం కాదు. చచ్చిపోయాను అన్న అతిశయోక్తిని ఇంకో మెట్టు ఎక్కిస్తోంది. అర్థం తిరగబడలేదు, పని మారింది. హద్దు గీసే మాట ఒత్తు పలికే మాటైంది.

అందుకే "అక్కడ ‘ఫిగరేటివ్లీ’ అనాలి" అని దిద్దేవాళ్ల సలహా పనికిరాదు. "ఎండకి అలంకారికంగా చచ్చిపోయాను పిన్నీ" అని ఏ భాషలో ఎవరంటారు? పోలిక చెప్పి, ఇది పోలిక అని చీటీ అంటించడం జోకు చెప్పి నవ్వమనడం లాంటిది. మా ఆయనకి ఈ మాటే చెబితే, అలాంటప్పుడు ఏ క్రియావిశేషణమూ లేకుండా చచ్చిపోవచ్చు కదా అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇంగ్లిష్‌లో ఇంకే మాటకైనా ఇలా జరిగిందా?

‘వెరీ’ని చూడండి. లాటిన్ ‘వేరుస్’, అంటే నిజమైనది. పాత ఫ్రెంచిలో ‘వెరై’. మొదట్లో ఇంగ్లిష్‌లోనూ నిజమైన అనే అర్థమే. ఇప్పుడు ‘వెరీ గుడ్’లో నిజం ఎక్కడుంది? చాలా అని తప్ప ఏమీ మిగల్లేదు. ‘రియల్లీ’ అదే దారిలో సగం పైన నడిచింది. భయంకరంగా అనే అర్థమున్న ‘టెరిబ్లీ’ కూడా "టెరిబ్లీ నైస్" దాకా వచ్చింది. నిజమని ఒట్టు వేసే మాటలన్నీ కొన్నాళ్లకి ఒట్టు వదిలేసి అరుపు మాత్రం ఉంచుకుంటాయి.

తెలుగులో దీనికి సిసలైన జోడు ‘అక్షరాలా’ కాదు, ‘సాక్షాత్తూ’ అని నా వాదన. కంటి ఎదుట ఉన్నట్టు, ప్రత్యక్షంగా అని దాని అర్థం. అందులో ఉన్నది ‘అక్ష’, అంటే కన్ను. "సాక్షాత్తూ ముఖ్యమంత్రే వచ్చారు" అంటే మనిషి స్వయంగా వచ్చారని. మరి "వాళ్ల మేనేజరు సాక్షాత్తూ యముడు" అన్నప్పుడు? దున్నపోతు లేదు, పాశం లేదు. పోలిక మీద ప్రత్యక్ష సాక్ష్యం ముద్ర వేశాం. బియర్స్ భరించలేనన్న పని ఇదే. మన తాతలు, తాతల తాతలు ఈ పని చేస్తూనే ఉన్నారు, ఏ మాస్టారూ బెత్తం తియ్యలేదు. ‘లిటరల్లీ’ దగ్గర మాత్రమే మనకి వచ్చే కోపం భాష మీద ప్రేమ కాదని, పరాయి భాషలో తప్పు పట్టుబడుతుందేమోనన్న భయమని నాకు అనుమానం.

మరి నేను ఎక్కడ వాడొచ్చు, ఎక్కడ మానుకోవాలి?

కబుర్లలో, చాటింగ్‌లో మీ ఇష్టం. పరీక్ష వ్యాసంలో, ఉద్యోగం దరఖాస్తులో, రిపోర్టులో అతిశయోక్తికి వాడకండి. దిద్దేవాళ్లలో మా ఆయన లాంటివాళ్లే ఎక్కువ, వాళ్ల చేతిలో మార్కులుంటాయి.

ఈ మాట అసలు అర్థంలోనే తీసుకునే చోట్లు కొన్ని ఉన్నాయి. అమెరికాలోనో, ఇంగ్లండ్‌లోనో డాక్టరు దగ్గర "ఐ లిటరల్లీ కాంట్ బ్రీద్" అంటే ముక్కు దిబ్బడకి అన్నారనుకోడు. ఊపిరి ఆడట్లేదనుకుని లేస్తాడు. ఇన్సూరెన్స్ క్లెయిములో "ద కార్ వజ్ లిటరల్లీ డిస్ట్రాయ్‌డ్" అని రాసి బంపర్ సొట్ట ఫోటో పంపితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మీరే. పోలీసు స్టేట్‌మెంటు గురించి చెప్పక్కర్లేదు.

రాసేటప్పుడు నాకు పనికొచ్చే చిట్కా ఒకటుంది. ఆ మాట కొట్టేసి వాక్యం మళ్లీ చదవండి. అపార్థం వచ్చే అవకాశం కొత్తగా పుట్టుకొస్తే, తిరిగి పెట్టండి. "హి ఈజ్ లిటరల్లీ ఎ రాకెట్ సైంటిస్ట్" అన్న వాక్యం చూడండి. మేధావి అని పొగడటానికి ‘రాకెట్ సైంటిస్ట్’ అనడం ఇంగ్లిష్‌లో వాడుక. ఈయన నిజంగానే శ్రీహరికోటలో పనిచేస్తున్నాడనుకోండి, అప్పుడు ‘లిటరల్లీ’ తీస్తే సమాచారం పోతుంది. ఈ మాటకి ఇంతకంటే మంచి ఉద్యోగం లేదు.

వాక్యంలో దాన్ని ఎక్కడ పెట్టాలి?

దేన్ని ఒత్తి చెబుతున్నారో దాని ముందు. "ఐ లిటరల్లీ జస్ట్ కేమ్" అంటే ఇదిగో, చెప్పులు విప్పుతున్నా అని. "ఇట్ టుక్ లిటరల్లీ టూ మినిట్స్" అంటే గడియారం చూసి రెండు నిమిషాలు. ‘టేక్’, ‘ట్రాన్స్‌లేట్’, ‘మీన్’ లాంటి క్రియలతో అసలు అర్థంలో వాడితే చివరికి పోతుంది: "డిడ్ యూ మీన్ ఇట్ లిటరల్లీ?"

ఇంకొకటి, "లిటరల్లీ!" అని ఒక్క మాటే బదులుగా అనడం. అవతలివాళ్లు ఏదో అంటే "అదేగా!", "అబ్బ, నేనూ అదే అనుకున్నా" అని వంత పాడటం. కుర్రాళ్ల మాట. అందులో అక్షరం జాడ కూడా లేదు.

పలకడం, స్పెల్లింగ్?

బ్రిటన్‌లో ‘లిట్రలి’ అని మింగేస్తారు. అమెరికాలో ట కాస్తా డకి, రకి మధ్య శబ్దమై ‘లిడరలీ’ అన్నట్టు వినిపిస్తుంది. మన ‘లిటరల్లీ’ ఇద్దరికీ అర్థమవుతుంది. రాసేటప్పుడు లాటిన్‌లో రెండు టీలున్నా ఇంగ్లిష్‌లో ఒకటే. ఎల్ మాత్రం చివర్న రెండు. ‘లిటరరీ’తో కలగలపకండి, అది సాహిత్యానికి సంబంధించినది.

తెలుగులోకి అనువదించేటప్పుడు ఏం చెయ్యాలి?

కనపడ్డ ప్రతిచోటా ‘అక్షరాలా’ అని పెట్టెయ్యడం నా దగ్గరికొచ్చే పిల్లలు మొదటి వారం చేసే పని. నేనూ చేశాను. ముందు చూడాల్సింది అది హద్దు గీస్తోందా, ఒత్తు పలుకుతోందా అన్నది. హద్దయితే అక్షరాలా, సరిగ్గా, మాటవరసకి కాదు, నిజంగానే, ఉన్నదున్నట్టు, వీటిలో ఒకటి నప్పుతుంది. ఒత్తయితే చాలాసార్లు ఆ మాటని వదిలేసి, బలాన్ని క్రియలోకి తేవాలి. "కాళ్లు అక్షరాలా ఊడిపోయేలా" కాదు, "కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు" అంటే లిల్లీ కళ్లముందు తిరుగుతుంది.

కష్టమైనది ట్వేన్ వాక్యం. కంచెకి సున్నం వేసే పనిని టామ్ గొప్పగా చూపించి, ఊళ్లో పిల్లల చేతే వేయించి, అందుకు వాళ్ల దగ్గరే వసూళ్లు చేస్తాడు. పన్నెండు గోళీలు, ఒంటికన్ను పిల్లికూన, తలుపు పిడి, కుక్క లేని కుక్కపట్టా, చచ్చిన ఎలుక, దాన్ని తాడు కట్టి తిప్పడానికి దారం. ఆ చచ్చిన ఎలుక పక్కన నిలబెట్టి వాణ్ణి ‘లిటరల్లీ’ సంపదలో దొర్లుతున్నాడంటాడు రచయిత. అది తీసేస్తే నవ్వు పోతుంది, అక్షరాలా అంటే అతకదు. నేను చాలా కొట్టివేతల తర్వాత ఇలా రాసుకున్నాను: "పొద్దున చేతిలో చిల్లిగవ్వ లేని టామ్, మధ్యాహ్నానికి సాక్షాత్తూ కుబేరుడు."